ఉప్పు ఎవరు వేశారు?

పొజ్జాల్తా,
జూన్ 25, 1986

నా బంగారు అక్కా,

ఫోన్ చేయకుండా ఉత్తరం రాస్తోందేమిటా అని కంగారు పడకు. ఫోన్ అమ్మ కుర్చీ పక్కనే ఉంది, అమ్మ రోజులో సగం ఆ కుర్చీలోనే ఉంటోంది. నేను చెప్పాల్సింది అమ్మ గురించే.

జనవరిలో అమ్మకి జ్వరం వచ్చి తగ్గిందని చెప్పాం కదా. ఆ జ్వరం పోతూ పోతూ అమ్మ ముక్కునీ నాలుకనీ కూడా పట్టుకుపోయింది. వాసన తెలియదు, రుచి తెలియదు. ఈ సంగతి నాకూ అమ్మ చెప్పలేదు. ఈస్టర్ అయిన వారానికి ఒకరోజు భోజనాల దగ్గర వైన్ అనుకుని వెనిగర్ సీసా తీసి గ్లాసులో పోసుకుంది. సగం గ్లాసు తాగింది, మొహంలో చిన్న ముడత కూడా పడలేదు. అదే సీసాలోంచి మీ మరిది గాస్పరె పోసుకుని ఒక్క గుటక వేసి బల్లంతా ఊసేశాడు. "అసలు సరుకు ఎప్పుడూ తాగి ఎరగవు కాబోలు అల్లుడూ" అని అమ్మ ఎగతాళి చేసి, నా వైపు చూసింది. నాకు అర్థమైందని తనకి అర్థమైంది. వంటింట్లోకి లాక్కెళ్లి, "ఎవరి దగ్గరైనా నోరు జారావో, నీ నాలుక కోసి కూరలో వేసేస్తా" అంది.

నిన్న యోహాను పండుగ. ముందు రోజు పూలు వేసి వాకిట్లో పెట్టిన నీళ్లతో పొద్దున్నే మొహాలు కడుక్కున్నాం. అమ్మ గిన్నె మీదికి వంగి గట్టిగా ఊపిరి పీల్చి, "ఈసారి పుదీనా దండిగా వేశావే, గులాబీని మింగేసింది" అంది. మా మిరెల్లా ఊరుకుంటుందా! "అమ్మమ్మా, ఇందులో పుదీనా లేనే లేదు" అంది. అమ్మ దాని నెత్తిన ఓ మొట్టికాయ వేసి నవ్వించేసింది.

ఆగస్టులో మరియమాత పండుగ భోజనం ఉంది. ఆరువందల మందికి పాస్తా, పెద్దబాతు కూర. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ కళాయిలో ఉప్పు వేసేది అమ్మే. ఇప్పుడు తప్పుకోమంటే అమ్మ తట్టుకోలేదు. ఇప్పటికే అన్నీ గడ్డి నమిలినట్టు నములుతోంది, గౌన్లన్నీ వదులైపోయాయి. ఏం చేయమంటావు?

నీ చెల్లెలు
ఒర్నెల్లా

పొజ్జాల్తా,
జూలై 28

అక్కా,

"అమ్మని కనిపెట్టుకుని ఉండు" అని రాశావు. ఉన్నాను. ఎంతగా ఉన్నానంటే, ఇప్పుడు అమ్మ నాలుక నేనే.

మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. అమ్మ ఎప్పటిలాగే కళ్లు మూసుకుని చెంచాతో కూర రుచి చూస్తుంది. "కడిగి పెట్టు" అని ఆ చెంచా నాకిస్తుంది. నేను కుళాయి దగ్గరకు వెళ్తూ దాన్ని నాకి, ఉప్పు చాలకపోతే ఒకసారి దగ్గుతాను. సరిపోతే దగ్గను. కార్మెల్‌మాత పండుగకు ఊరేగింపులో మాత విగ్రహం మోసేవాళ్లు నలభై మందికి మనింట్లో భోజనం పెట్టినప్పుడు ఇదే పద్ధతి. రెండుసార్లు దగ్గాను, కూర అద్భుతంగా కుదిరింది. అందరూ అమ్మ చేతులకు ముద్దులు పెట్టారు. పియెరీనా పిన్ని నా భుజం మీద చరిచి, "చూసి నేర్చుకోవే. ఇరవై రెండేళ్లుగా పక్కనే ఉంటున్నావు, ఉల్లిపాయలు తరగడం తప్ప ఏం వచ్చు నీకు?" అంది. అమ్మ పక్కనే ఉంది. నవ్వింది.

నీకు గుర్తుందో లేదో, చిన్నప్పుడు నేను కూరలో వేలు ముంచితే, "నీది మీ నాన్న నాలుకే, చుట్టపొగకి మాడిపోయిన నాలుక. నీకేం తెలుస్తుంది రుచి?" అనేది అమ్మ. నాకు నలభై మూడేళ్లొచ్చాయి. ఈనాటికీ నన్ను "ఎలా ఉంది?" అని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు కూడా అడగడం లేదు, దగ్గించుకుంటోంది. ఆ రోజు పాత్రలు తోముతూ ఎంత ఏడ్చానో, ఆ నీళ్లలో సబ్బే అక్కర్లేదనిపించింది.

అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను, నీకు మాత్రమే చెబుతున్నాను. పండుగ రోజు, ఆగస్టు పదిహేనున, కూరలో ఉప్పు చాలకపోయినా దగ్గను. ఆరువందల మందికీ తెలియనీ. కోపం వస్తే తిట్టు, కానీ నచ్చచెప్పాలని చూడకు.

ఒర్నెల్లా

పొజ్జాల్తా,
ఆగస్టు 17

నా ప్రాణమైన అక్కా,

నీ తిట్లు అందాయి. నాలుగు పేజీలూ చదివాను. ఇప్పుడు జరిగింది విను.

చర్చి వెనక వంటశాలలో తెల్లవారకముందే పొయ్యి వెలిగించాం. పదకొండు గంటలకు అమ్మ కళ్లు మూసుకుని రుచి చూసి చెంచా నాకిచ్చింది. నాకాను. చప్పగా ఉంది అక్కా. కుళాయి తిప్పి నిలబడ్డాను. వెనక్కి తిరిగి చూడకూడదనుకున్నాను, అయినా చూశాను. అమ్మ ఏప్రాన్ రెండు చేతులతో పట్టుకుని, బడిలో పేరు పిలుస్తారేమోనని భయపడే పిల్లలా నిలబడి ఉంది. నా వల్ల కాలేదు. దగ్గాను. అమ్మ దోసిలితో ఉప్పు వేసి, పాస్తా నీళ్లు చూడ్డానికి వెళ్లింది.

నాకు తెలియనిదేమిటంటే, అమ్మ అటు తిరగగానే పియెరీనా పిన్ని ఇంకో గుప్పెడు వేసింది. ఆమె పక్కకి వెళ్లాక దొమెనికత్త వచ్చి ఒక గుప్పెడు వేసింది. భోజనాన్ని ఆశీర్వదించే నెపంతో వచ్చిన ఫాదర్ ఎజిదియోగారు కూడా కళాయి మీద సిలువ గుర్తు వేసి, ఆ చేత్తోనే ఓ చిటికెడు రాల్చారు.

కూర ఉప్పు కషాయం. అయినా ఒక్కరూ నోరు మెదపలేదు. పొరుగూరి ఆయనెవరో "ఇదేం కూరండీ బాబూ, సముద్రమా?" అన్నాడట. మన కంసాలి తాత "తిను, లేకపోతే లే" అని ఆయన పళ్లెం మీద ఇంకాస్త జున్ను తురిమాడట. పళ్లేలన్నీ ఖాళీగానే తిరిగొచ్చాయి. అమ్మ ఖాళీ పళ్లేలు చూసి పొంగిపోతుంటే నేను తల దించుకున్నాను.

ఒంటిగంటకి గాస్పరె పరిగెత్తుకుంటూ వచ్చి రొట్టె అయిపోయిందన్నాడు. అమ్మ గరిటె పక్కన పెట్టింది.

"ఎంత అయిపోయింది?"

"మొత్తం అత్తయ్యా. సాయంత్రానికి దాచిందీ లేదు. ఒక్కొక్కళ్లూ ఐదారు ముక్కలు అడుగుతున్నారు."

మన రొట్టెలో ఉప్పుండదు. కూర ఎంత ఉప్పగా ఉంటే అంత రొట్టె కావాలి. ముప్ఫై ఒక్క ఏళ్లు వండిన మనిషికి ఆ లెక్క నాలుకతో పని లేకుండానే తెలిసిపోయింది. వంటశాల తలుపు మూసేసింది.

"ఉప్పు ఎవరు వేశారు? చేతులెత్తండి."

పియెరీనా పిన్ని ఎత్తింది. దొమెనికత్త ఎత్తింది. మూల నుంచి ఫాదర్‌గారు కూడా రెండు వేళ్లు ఎత్తారు.

"మీకెలా తెలుసు?" అంది అమ్మ. గొంతు పీలగా వచ్చింది.

"ఈస్టర్ జున్ను రొట్టెలో ఉప్పు బదులు పంచదార పోశావు కదే తల్లీ" అంది పియెరీనా పిన్ని. "కిక్కురుమనకుండా తిన్నాను."

"నాకిచ్చిన కాఫీలో ఉప్పు వేశావమ్మా" అన్నారు ఫాదర్‌గారు. "రెండో కప్పు కూడా ఇచ్చావు."

"మరి నాతో అనొచ్చుగా!"

"నువ్వు మాతో అన్నావా?" అంది పిన్ని. ఆ మాట అంటూనే ఏడ్చేసింది. అమ్మ ఉప్పు డబ్బా తీసుకుని తిన్నగా నా దగ్గరకు వచ్చి నా చేతిలో పెట్టింది. "సాయంత్రం కూరకి ఉప్పు ఒర్నెల్లా వేస్తుంది. ఇంకెవరి చెయ్యి కళాయి మీదికి వచ్చినా అట్లకాడతో కొడతా. ఫాదర్‌గారూ, మీరు కూడా" అంది. అందరి ముందూ, అక్కా! అప్పుడు నాకు సంతోషం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది.

అందుకే నిన్న మధ్యాహ్నం, ఇంట్లో మేమిద్దరమే అన్నం తింటుంటే, దగ్గకూడదని అనుకున్న సంగతి అమ్మకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"తెలుసులేవే" అంది. "కుళాయి దగ్గర ఎంతసేపు నిలబడ్డావో నేను చూడలేదా? నీ చోట నేనుంటే దగ్గేదాన్ని కాదు." చెంచాతో కాస్త అన్నం, టమాటా ముక్క నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, "ఎలా ఉంది ఇది? చెప్పు" అంది.

ముందు తియ్యగా ఉంది, తర్వాత దవడల దగ్గర పులుపు తగులుతోంది, ఆకులు తుంచినప్పటి పచ్చి వాసన వస్తోంది, వెల్లుల్లి కాస్త మాడింది, అది నా తప్పే అని గబగబా చెప్పుకుంటూ పోయాను.

"ఆగవే, తొందరపడకు" అంది అమ్మ. "నేనింకా నమలడం అవలేదు."

నీ
ఒర్నెల్లా