ముసలి గుర్రం మేట దగ్గర ఏడు బారలు

వాపింగ్,
1687 మార్చి 9

మా తల్లి థామసిన్‌కు,

నాన్న ఆశీర్వదించి రాసేది. దేవుడి దయవల్ల నేనూ మీ అమ్మా లేచి తిరుగుతున్నాం. హార్విచ్‌లో నువ్వూ గిల్బర్టూ చంటిదీ కూడా అలాగే ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం ఆదివారం అందింది. మడతల మీద తడి ఆరిన మచ్చలున్నాయి. "దారిలో వాన పడినట్టుంది" అంది మీ అమ్మ. నేనూ వానే అన్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు రాస్తాను. అమ్మ కళ్లు మరీ అంత పాడవలేదు. మన సముద్రపు పటాలకు ఇంకా తనే రంగులేస్తోంది, తీరానికి ఆకుపచ్చ, ఇసుకమేటలకు పసుపు. సన్న గీతలొచ్చినప్పుడు మాత్రం కాగితాన్ని ముక్కుకు ఆనించుకుంటుంది. చంటిదాని దగ్గుకు తేనెలో ఉల్లిపాయ రసం కలిపి పొద్దుటిపూట నాకించమంది. ఛాతీకి పంది కొవ్వు రాయమంది గానీ, ఎక్కువ రాస్తే పిల్ల చేతిలోంచి జారిపోతుందని మళ్లీ తనే నవ్వింది. ఈ ఇంట్లో నవ్వు వినపడి చాలా రోజులైంది.

వాపింగ్‌లో గిల్బర్ట్ గురించి ఏమనుకుంటున్నారని అడిగావు. దాచను. మంచిగా అనుకోవడం లేదు. పోయిన వారం తాళ్లు పేనే హంఫ్రీ అంగడిలోకి వచ్చి మరీ అన్నాడు, "ఏమయ్యా థాక్‌వెల్, నీ అల్లుడికి బీరు లోతు తెలిసినంతగా నీళ్ల లోతు తెలీదట గదా!" అని. నాలుగేళ్ల కిందట నీ గురించి ఎవరో ఏదో అన్నారని ఒకడి గల్లా పట్టుకున్నవాణ్ణి నేను. ఆ రోజు మాత్రం తల ఎత్తలేదు, పటం అచ్చుకు చెక్కుతున్న రాగి రేకు మీద గీత చెక్కుకుంటూ కూర్చున్నాను.

గిల్బర్ట్ చెప్పినదంతా నువ్వు పూసగుచ్చినట్టు రాశావు. జనవరిలో బొగ్గు ఓడ పేషెన్స్‌కు అతను దారి చూపడానికి ఎక్కడం, ముసలి గుర్రం అనే ఇసుకమేట దగ్గరికి రాగానే ఓడను ఇంకా బయటికి తిప్పమనడం, కెప్టెన్ లోర్న్ ఒప్పుకోకపోవడం. "ఇదిగో, మీ మామగారి పటంలో ఏడు బారల లోతని ఉంది. నిన్ను నమ్మాలా, ఆయన్ని నమ్మాలా?" అన్నాడట లోర్న్. పావుగంట తిరక్కుండా ఓడ ఇసుకలో కూరుకుపోయింది. లోర్న్, వంటవాడు, ఇంకో ఇద్దరు తిరిగి రాలేదు.

తాను హెచ్చరించానని గిల్బర్ట్ అంటే, చచ్చినవాడి మీదికి నెట్టేస్తున్నాడని ఓడ యజమానులన్నారు. మేట పక్కకు జరిగిందని రెండేళ్ల కిందటే మామగారికి రాశానంటే, ఆ ఉత్తరమేది అన్నారు. అప్పుడు నువ్వు నన్నడిగావు. అలాంటి ఉత్తరం నాకు చేరలేదని నీకు రాశాను. ఈసారి మళ్లీ అడిగావు, "ఇంకొక్కసారి వెతుకు నాన్నా, సొరుగుల్లో, రేకుల వెనకాల, ఎక్కడైనా" అని.

వెతకక్కర్లేదమ్మా. అది నాకు చేరింది.

రెండేళ్ల కిందట, రేకు పూర్తిచేసి ఇంకా పది అచ్చులు కూడా తీయకముందు వచ్చింది. ఆ రేకు మీద నేను ఏడు నెలలు వంగి కూర్చున్నాను. గిల్బర్ట్ చక్కగా రాశాడు. మేట తూర్పుకు పాకిందని, తానే పడవ వేసుకుని సీసపు గుండు దించి కొలిచానని, ఏడు బారలున్న చోట ఇప్పుడు ఒకటిన్నర కూడా లేదని. పదకొండు చోట్ల లోతులు వరసగా రాసి పంపాడు. చదివి నేనేమన్నానో తెలుసా? "నిన్న మొన్న తెడ్డు పట్టినవాడు నాకు సముద్రం నేర్పుతాడా" అన్నాను. నువ్వు అతన్ని చేసుకుంటానన్నప్పుడు నేనెంత గింజుకున్నానో నీకు తెలుసు. ఆ కోపం ఇంకా పోలేదు. రేకును వెనక నుంచి సుత్తితో కొట్టి, చదును చేసి, మళ్లీ చెక్కాలంటే మూడు రోజుల పని. మూడు రోజులే. నేను ఆ ఉత్తరాన్ని మడిచి పాత రేకుల పెట్టెలో పడేశాను.

ఓడ మునిగిన కబురు విన్న రోజునే దాన్ని బయటికి తీసి చదివాను. మళ్లీ అక్కడే పెట్టేసి నీకు అబద్ధం రాశాను. అంగడి పోతుందన్న భయం కొంత. అంతకన్నా, అతను చెప్పింది నిజమనీ నాది తప్పనీ నోటితో అనలేకపోయాను.

ఆదివారం నీ ఉత్తరం చదివాక మీ అమ్మ చేతిలోని కుంచెను పక్కన పెట్టేసింది.

"ఆ ఉత్తరం తలుపు దగ్గర తీసుకున్నది నేనే. గిల్బర్ట్ రాశాడని నీ చేతికిచ్చిందీ నేనే. నువ్వే చెబుతావని నాలుగు వారాల నుంచి చూస్తున్నాను అంబ్రోస్."

"నువ్వే ఎందుకు రాయలేదు అమ్మాయికి?"

"నేను రాస్తే నిన్ను పట్టించినట్టు అవుతుంది. నువ్వు చెబితే మనిషి చెప్పినట్టు ఉంటుంది" అంది. "పటానికి అన్ని రంగులేస్తాం గదా, నీ మొహంలో రంగు లేదు, చూసుకున్నావా?"

బుధవారం ఓడలకు దారి చూపేవాళ్ల సంఘం పెద్దల దగ్గరికి వెళ్లాను. ఉత్తరాన్నీ, రేకునూ బల్ల మీద పెట్టాను. ముసలాయన ఫోర్డైస్ కళ్లద్దాలు పెట్టుకుని గిల్బర్ట్ రాసిన లోతులు ఒక్కొక్కటే పైకి చదివాడు. "ఇన్నాళ్లు ఎందుకు దాచావయ్యా?" అన్నాడు. "నా పటం తప్పని అల్లుడి చేత అనిపించుకోలేక" అన్నాను. గిల్బర్ట్ మీద తప్పు లేదని వాళ్లు రాసిచ్చిన కాగితం ఈ ఉత్తరంతోపాటే వస్తుంది, భద్రంగా పెట్టుకోండి.

లోర్న్ భార్య హెస్టర్ కూడా అక్కడే గోడ పక్కన కూర్చుంది. నేను బయటికొస్తుంటే లేచింది. తిడుతుందనుకున్నాను.

"మా ఆయన మీ పటాన్ని బైబిల్ పక్కన పెట్టుకునేవాడండీ. దాని మీద కప్పు కూడా పెట్టనిచ్చేవాడు కాదు" అంది.

తలుపు దాకా వచ్చి నాకే తలుపు తీసి పట్టుకుంది.

అప్పట్నుంచి అంగడికి ఎవరూ రావడం లేదు. రాకపోవడమే న్యాయం. మీ అమ్మ మాత్రం మామూలుగానే రొట్టె కోసి నా ముందు పెడుతోంది.

థామసిన్, ఈ ఉత్తరం గిల్బర్ట్‌కు మొత్తం చదివి వినిపించు. నా పరువు కోసం ఏ మాటా మింగేయకు. తెడ్డు మాట కూడా చదువు. తర్వాత అతన్ని ఒకటి అడుగు. నలభై ఏళ్లు నేను సముద్రాన్ని గీశాను గానీ, ఒక్కసారైనా గుండు దించి చూసినవాణ్ణి కాను. ఎవరెవరో తడిసి కొలుచుకొచ్చిన లోతుల్ని పొడి బల్ల మీద కూర్చుని చెక్కాను. నన్ను తన పడవలో ఆ మేట దగ్గరికి తీసుకెళ్తాడా? తాడు నేను పట్టుకుంటాను. లోతు అతను చెబుతాడు, నేను రాసుకుంటాను.

సరేనంటే ఒక్క ముక్క రాయి, దొరికిన మొదటి పడవకి వస్తాను. వద్దంటే ఏమీ రాయకు. నాకు అర్థమవుతుంది, అతని మీద మాట రానివ్వను.

చంటిదాన్ని మీ అమ్మ ముద్దాడమంది.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన చేత్తోనే ఇదీ రాసిన
మీ నాన్న,
అంబ్రోస్ థాక్‌వెల్