ఆకాశంలో పల్లీలు

మే 16, శుక్రవారం. సాయంత్రం

ఇవాళ టీవీకి కొబ్బరికాయ కొట్టాను. అవును, టీవీకే. ఓ తమ్మీ, గుళ్లె కొట్టే కాయ గీ డబ్బకు కొడుతవా, పిచ్చి లేసిందా ఏంది అని మా కొండవ్వక్క తిట్టింది. లేచింది మరి! నా బిడ్డ హర్షిణి గొంతు ఆ డబ్బాలోంచి వచ్చింది.

ధ్రువనౌక పన్నెండో సీజన్, మొదటి ఎపిసోడ్. హర్షిణి ఆరో తరగతిలో ఉన్నప్పటి నుంచి ఇద్దరం కలిసి చూసిన సీరియల్. వాళ్లమ్మ పోయిన ఏడాది కూడా ఒక్క ఎపిసోడ్ వదల్లేదు. మగ్గం ఆపి మరీ చూసేవాణ్ని. ఏ గ్రహం మీద ఏం జరిగిందో, ఎవరు చచ్చి ఎవరు మళ్లీ బతికారో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఏడో తరగతితో బడి మానేసినవాణ్నే, బ్లాక్ హోల్ అంటే ఏమిటో మాత్రం చీరల సొసైటీలో అందరికీ నేనే చెప్పాను.

అందులో నౌక కూడా ఒక మనిషే. ముఖం లేదు, నోరు లేదు, గొంతొక్కటే. ఇంగ్లీషు సీరియల్‌కు తెలుగు డబ్బింగ్ ఇది. ఇన్నాళ్లూ నౌకకు తెలుగు గొంతు ఇచ్చినామె మానేసిందట. హైదరాబాద్ స్టూడియోలో ఎంతమందినో విని చివరకు నా బిడ్డను తీసుకున్నారు. "దీపాలన్నీ వెలుగుతున్నాయి. బయలుదేరవచ్చు." నౌక ప్రతిసారీ అనే మాట. ఇవాళ నా బిడ్డ అన్నది! చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. పక్కింటి నరహరికి చెప్పాను. చాయ్ హోటల్‌లో చెప్పాను. కోహెడ బస్సు కండక్టర్‌కు కూడా చెప్పాను.

జూన్ 12న నా గుండె ఆపరేషన్. ఆ సంగతి ఇవాళ రాయను.

మే 18, ఆదివారం

మేడ మీద తొక్కుకు మామిడి ముక్కలు ఎండబెట్టి కావలి కూర్చున్నాను. వెనక నుంచి కాకి వచ్చి తల మీద తన్నింది. ముక్క కోసం కాదు. ముక్కల జోలికే పోలేదు. సూటిగా నా తల మీదికే వచ్చింది, తన్నింది, పోయింది.

అక్కకు చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. ఆమె చేతిలోని చాట కింద పడింది. కాకి తల మీద తన్నితే గండం. అది పోవాలంటే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మనిషి పోయాడని దగ్గరివాళ్లకు దొంగ కబురు పంపాలి. వాళ్లు నిజమనుకొని నోరారా ఏడవాలి. ఏడ్చాక, ఉత్తదే, బతికే ఉన్నాడని చెప్పాలి. ఆ ఏడుపుతో గండం కొట్టుకుపోతుంది. మా చిన్నప్పుడు మా నాయిన పోయాడని ధూళిమిట్టలోని మా మేనత్తకు ఇట్లాగే కబురు పంపారు. ఆమె దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చేసరికి ఆయన గుమ్మంలో కూర్చొని చుట్ట తాగుతున్నాడు. చెప్పు తీసుకొని కొట్టింది.

నాకు దగ్గరివాళ్లు ఎవరున్నారు? ఒక్క హర్షిణి. అక్క అప్పుడే ఫోన్ అందుకుంది. గుంజుకున్నాను. అమ్మ పోయినప్పుడు ఆ పిల్ల ఎట్లా అయిందో చూసినవాణ్ని. దానితో ఉత్తుత్తి చావు ఏడుపు ఏడిపిస్తే నేను నిజంగా చస్తానన్నాను. మరి ఆపరేషన్ ముంగట వెట్టుకొని గిదేం మొండితనం రా, గండం నెత్తిన వెట్టుకొని కత్తి కిందికి పోతవా అన్నది.

పోతాను అన్నాను.

మే 19, సోమవారం

తల రెండుసార్లు కడుక్కున్నాను. ఆ జాగ ఇంకా మండుతున్నది.

మే 21, బుధవారం

హర్షిణి పొద్దున్నే దిగింది. చెప్పలేదు, పెట్టలేదు. స్టూడియోలో పని ఉన్న రోజు. కళ్లు వాచి ఉన్నాయి. గుమ్మంలో నన్ను చూసి అట్లాగే నిలబడింది, తర్వాత నా ముఖం రెండు చేతులతో పట్టుకుంది. ఏందవ్వా అంటే ఏం లేదు బాపూ, ఊకెనే రాబుద్ధయింది అన్నది.

చిన్నప్పటిలాగే నా అంగీ జేబులో చెయ్యి పెట్టింది. సొసైటీకి చీర ఇచ్చి వచ్చేటప్పుడు వేయించిన పల్లీలు జేబులో పోసుకొని తెచ్చేవాణ్ని. నేను కాళ్లు కడుక్కోకముందే జేబు ఖాళీ అయ్యేది. ఇప్పటికీ నా జేబులో పల్లీలు ఉంటాయి, ఇప్పటికీ అది అడగకుండా తీసుకుంటుంది. ఇవాళ పిడికిట్లో పట్టుకొని కూర్చుంది. తినలేదు. నేను అన్నం తింటుంటే ముద్ద ముద్దకూ నా గొంతు దిక్కే చూసింది.

అక్క ఇద్దరి ముఖాలూ చూడకుండా వంటింట్లోనే తిరిగింది.

నాకు అర్థమైంది. డాక్టర్ దీనికి ఫోన్ చేసి ఉంటాడు. నాకు చెప్పనిది ఏదో చెప్పి ఉంటాడు.

మే 23, శుక్రవారం

రెండో ఎపిసోడ్. నౌకలో ముసలి ఇంజినీర్ ఓరిన్ దగ్గుతున్నాడు. మొదటి సీజన్ నుంచి ఉన్న మనిషి. పానా పట్టుకొని గొణుక్కుంటూ తిరుగుతాడు, నాలాగే. అందరిలోకీ నాకు ఆయనంటేనే ఇష్టం. ఎవరికీ చెప్పకుండా గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. హర్షిణికి ఫోన్ చేసి ఓరిన్‌కు ఏమవుతది అవ్వా అని అడిగాను. ముందే చెప్పకూడదట, కాగితం మీద సంతకం పెట్టిందట. నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేది.

మే 30, శుక్రవారం

ఓరిన్ ఇంకా ఉన్నాడు. నేనూ ఉన్నాను.

జూన్ 6, శుక్రవారం. ఎపిసోడ్ అయిపోయినాక

రాయాలి.

నౌకకు బయట రేకు చీలింది. అందరూ నిద్రపెట్టెల్లో ఉన్నారు. ఓరిన్ ఒక్కడే తాడు కట్టుకొని బయటికి పోయాడు. రేకు అతికాడు. తాడు తెగింది. మెల్లగా, చాలా మెల్లగా నౌకకు దూరం జరిగిపోయాడు. గాలి అయిపోయేదాకా నౌకతో మాట్లాడుతూనే ఉన్నాడు, ఏ నట్టు ఎప్పుడు బిగించాలో. తర్వాత మాట ఆగింది. నౌక పిలిచింది. ఇంజినీర్ గారూ. మళ్లీ పిలిచింది. లోపల దీపాలు ఒక్కొక్కటి ఆరిపోయాయి.

అప్పుడు నౌక ఏడ్చింది.

పన్నెండు సీజన్లలో ఏడవని యంత్రం ఏడ్చింది. అది యాక్టింగ్ కాదు. ఏ సీరియల్లోనూ అట్లా ఏడవరు. అది మా కొండవ్వక్క రాగం! చావు ఇళ్లలో అక్క రాగం ఎత్తితే వెనక గల్లీ వాళ్లు కూడా బయటికి వస్తారు, అదే రాగం, మధ్యలో ఊపిరి అందక పడే ఆ ఎక్కిలి హర్షిణిది. వాళ్లమ్మ పాడె లేచినప్పుడు విన్నాను. ఇవాళ నౌక గొంతులో విన్నాను. బాపూ, నన్ను ఎవలకు అప్పజెప్పి పోతివి బాపూ. ఇంజినీర్ గారు కాదు, బాపు. అంతటితో ఆగలేదు. అంగీ జేబుల పల్లీలు ఎవలు తెస్తరు బాపూ అన్నది.

ఓరిన్ అంగీకి జేబు లేదు. నౌకలో పల్లీలు లేవు.

నా బిడ్డ నా శవం మీద పడి ఏడ్చింది, నేను కుర్చీలో కూర్చొని విన్నాను. చెయ్యి గిల్లి చూసుకున్నాను. అక్క దిక్కు చూస్తే ఆమె కొంగు నోట్లో కుక్కుకొని లేచిపోయింది.

జూన్ 7, శనివారం. పొద్దున 6

చచ్చిపోయేవాడికే ముందు వినబడుతుందేమో. కాకి తన్నింది. బిడ్డ ఊరికే వచ్చి ముఖం చూసుకొని పోయింది. ఇప్పుడు టీవీలో శోకం. ఇన్ని తీరుల చెప్తుంటే ఇంకా కత్తి కిందికి పోవడం ఏమిటి? పోను. ఆపరేషన్‌కు పోను.

నరహరి గోడ మీద నుంచి పిలిచి, భూపతన్నా, నీ బిడ్డ కొంపలు ముంచిందే, మా ఇంటిది రాత్రి అన్నం తినలే, గని ఆకాశంల పల్లీలు ఏడ దొరికినయే, గా ఓడల కిరాణం దుకాణం ఉన్నదా అన్నాడు. ఫోన్లల్ల అందరూ గదే అడుగుతున్నరట. నవ్వబోయాను. రాలేదు. నీ మొఖం గట్ల పాలిపోయిందేంది అన్నాడు.

జూన్ 8, ఆదివారం. మిరుగు

మృగశిర కార్తె మొదలు కదా, అక్క చేపల పులుసు పెట్టింది. కంచం ముందు కూర్చొని చెప్పేశాను. నేను ఆపరేషన్‌కు రాను. నా చావు ఏడుపు నేను విన్న. ఇగ ఏడికీ రాను.

అక్క గరిటె కింద పెట్టింది. గా ఏడుపు ఏడ్పిచ్చింది నేనే రా అన్నది.

ముద్ద చేతిలోనే ఉంది.

నేను గుంజుకున్న ఫోన్ నాది. అందుకని అక్క ఆ మంగళవారం నాడు నరహరి భార్య ఫోన్ అడుక్కొని మేడ ఎక్కిందట. నీ బాపు పోయిండు బిడ్డా అని చెప్పిందట. ఏడవనిచ్చి, ఉత్తదే అని చెప్దామనుకున్నది. కానీ అవతల పిల్ల ఏడుపు వినగానే ఈమెకు నిజంగానే ఏడుపొచ్చింది. రాగం ఎత్తింది. ఇద్దరూ అటూ ఇటూ ఏడుస్తుంటే, అబద్ధమని చెప్పడానికి ఈమెకు నోరు రాలేదు. చాలా సేపటికి చెప్పింది. నీ నోట్ల మన్ను వడ అని నీ బిడ్డ నన్ను తిట్టింది రా, తిట్టనియ్యి, గండం వోయింది గదా అన్నది. నేను వద్దన్న పని కాబట్టి, నాకు తెలియనియ్యొద్దని హర్షిణితో ఒట్టు వేయించుకున్నదట.

ఎంగిలి చేత్తోనే హర్షిణికి ఫోన్ కలిపాను. ఎత్తగానే నేను ఏం అనకముందే, అత్తమ్మ చెప్పిందా అన్నది. అక్క ఫోన్ వచ్చినప్పుడు పిల్ల స్టూడియో అద్దాల గదిలో, మైకు ముందు ఉందట. నా ఆపరేషన్ ఉన్నదని ఫోన్ దగ్గరే పెట్టుకున్నదట. రికార్డింగ్ నడుస్తున్నది, ఎవరూ ఆపలేదు, ఏడుపంతా అందులో ఎక్కింది. తర్వాత నౌక ఏడ్చే సీన్ వచ్చింది. ఎన్ని టేకులు చేసినా రాలేదు. ఇంకొకసారి నీ చావు అనుకోబుద్ధి కాలే బాపూ, గా పాతదే పెట్టున్రి అన్న, ఓడకు నోరు లేదుగద, పెదాలు కలిపే పని లేదు అన్నది. పల్లీల మాట తీసేస్తాం అన్నరు స్టూడియో సారు, నేనే తీయనియ్యలే. భయం కాలేదా అంటే, భయపడుకుంటనే పెట్టిన, నువ్వు ఉన్నప్పుడే ఇనాలె అనిపించింది అన్నది.

తిడదామనుకున్నాను. అక్కను కొడదామనుకున్నాను, మా మేనత్తలాగా. నోట్లోంచి నవ్వొచ్చింది. నవ్వుతూ ఏడ్చాను. పులుసు చల్లారింది, అయినా రెండుసార్లు పెట్టించుకున్నాను. ఎవరికి దొరుకుతుంది ఇట్లాంటి బిడ్డ! ఎవరికి దొరుకుతుంది ఇట్లాంటి అక్క! ఒక్క మనిషి ఏడిస్తే చాలన్న గండానికి నరహరి భార్యతో మొదలుపెట్టి ఎన్ని ఊళ్లు ఏడ్చాయి!

పోతాను. ఆపరేషన్‌కు పోతాను.

జూన్ 11, బుధవారం. దవాఖాన

ఒక అనుమానం. మిగతావాళ్లంతా ఏడ్చింది ఓరిన్ కోసం. నా లెక్కలోకి వస్తుందా? అక్కను అడిగాను. నీ బిడ్డ ఏడ్చింది సాలదా రా, నోరు మూసుకొని పండు అన్నది. గోడ దిక్కు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతున్నాయి. భయంగానే ఉంది.

జూన్ 12, గురువారం. పొద్దున

వీళ్లు తొడిగిన అంగీకి జేబు లేదు. ఓరిన్ అంగీ లాగే.

పల్లీలన్నీ హర్షిణి పిడికిట్లో పోశాను. సగం నావి అని చెప్పాను.