అచ్చు కాని వార్తలు

మంగళవారం

రేపు మా ఆయన కాగితాలు యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్తాయనగా, ఈ రోజు పొద్దున్నే దిగబడ్డాడు ఆయన పాత ఎడిటర్. మా ఆయన పోయినప్పుడు గుమ్మం తొక్కని మనిషి. నేను కూర్చోమనలేదు. తనే కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, ఆ బొగ్గు దుమ్ము వార్తలు తీసి పక్కన పెట్టెయ్. అచ్చు కానివి లైబ్రరీకి ఎందుకు?"

బొగ్గు గుట్టల పక్క వీధుల్లో పిల్లలు ఎలా దగ్గుతున్నారో మా ఆయన ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చారు. ఇతను ఒక్కటీ వెయ్యలేదు. పైగా ఆయన్ని సినిమా పేజీకి మార్చాడు.

"ఎందుకేటండి? మీరు ఎయ్యలేదని నలుగురికీ తెలియాలి కదా" అన్నాను.

ముఖం మాడిపోయింది. "రేపు లైబ్రరీలో ఈ కాగితాలు అందుకునే సభలో మాట్లాడేది నేనే. నా పరువేం కావాలి?"

"ఏటైనా అవనీండి. నాను ఒక్క కాయితం కూడా తియ్యను."

అతని ఎదురుగానే ఆ వార్తలన్నీ మొదటి పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టి టేపు వేశాను.

గుమ్మం దాటుతూ, "వాడే ఉంటే నన్నిలా అనేవాడు కాదు" అన్నాడు.

అప్పటినుంచీ ఆ మాటే తొలుస్తోంది. నిజమే, అనేవారు కాదు. కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, ఆ కాగితాలు తనే తీసి అతని చేతిలో పెట్టేవారు. సినిమా పేజీకి మార్చిన రోజు కూడా ఇంటికొచ్చి, "ఆయన ఇబ్బందులు ఆయనకుంటాయిలే" అన్నారు.

ఎడిటర్ మీద కోపం రేపు సభలో ఆ పెట్టె తెరిచాక తీరుతుందేమో. మా ఆయన మంచితనం మీద కోపం మాత్రం ఎవరి మీద చూపించను...