మంచం పట్టె మీద పిలుపు

జనగామ, జూన్ 1969

మానుకోట రైల్వే తార్ ఆఫీసుల ఉన్న నాగభూషణం అన్నకు, చెల్లె దండాలు.

మీ దోస్తుకు, మా ఇంటాయనకు, పక్షవాతమొచ్చింది. మాట పడిపోయింది. తెలంగాణ బంద్‌తోని బస్సులు, రైళ్లు నడవక వరంగల్ దవాఖానకు తీస్కపోలేకపోయినం.

కదిలేది ఒక్క వేలే. మీరు ఆయనకు నేర్పిన మోర్స్, ఆ తార్ కొట్టే భాష, మంచం పట్టె మీద కొడుతరు, ఆగుతరు, నా మొకం చూస్తరు. మళ్ల గదే కొడుతరు. బాగున్నప్పుడు, మోర్స్ కొట్టి దూరపోళ్లను పిలిచే ఆ టార్చి సెల్లుల రేడియో డబ్బ ముందట ఆయన కూసుంటే నేను కసురుకునేదాన్ని. "దీనికి బలం తక్కువ, ఎవరన్న పలికేదాంక పిలుస్తనే ఉండాలె" అనేటోళ్లు.

గిప్పుడు పిలిచేది నన్నే. నాకు జవాబు కొట్టరాదు.

ఆయన ఏమంటున్నరో తర్వాత మీరొచ్చినప్పుడు ఇని చెప్పుదురు. "వింటున్న, ఈడనే ఉన్న" అని ఎట్ల కొట్టాలెనో చుక్కలు, గీతలు రాసి, ఈ ఉత్తరం తెచ్చిన సైకిల్ మనిషితోనే పంపుండ్రి. వేలు నిన్నటికన్న ఇయ్యాల మెల్లగ ఆడుతున్నది.

మీ చెల్లె