ఉప్పు చూసే మనిషి

చూలై అంగడి నుంచి,
మంగళవారం మధ్యాహ్నం

మేరక్కా,

బాగున్నావా? ఈ ఉత్తరం మూడు వారాల కిందే రాయాల్సింది, ఆలస్యానికి మన్నించు. నువ్వు ఫోను ఎత్తడం లేదు. ఎత్తినా ఏం చెప్పాలో నాకు తెలియదనుకో. అంగడిలో బేరాల మధ్య ఫోన్లోనే గబగబా కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువు. రోజూ బైబిల్ చదివేదానివి, తెలుగు నాకంటే నీకే బాగా వచ్చు.

వంటల పోటీ వీడియో నువ్వు చూశావని తెలుసు. పూలంగడి కలైసెల్వి తనే నీకు పంపానని చెప్పింది. అందులో నా మాట విన్నాకే నువ్వు అంగడికి రావడం మానేశావు. అది నీకు తెలిసిన తప్పు. నీకు తెలియనిది ఇంకొకటి ఉంది. ముందు అది చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ ధైర్యం రాదు.

ఫారానికి ఒక్కరే పోటీ చేయాలట అని నీతో అన్నాను చూడు, అది అబద్ధం. జట్టుకి ఇద్దరు. ఫారం నింపిన రోజు నా పేరు కింద నీ పేరే రాశాను. ఇద్దరికీ మొదటి పోటీ. నువ్వు నీలం చీర తీసి ఇస్త్రీకి కూడా ఇచ్చావు. ఫారం ఇవ్వడానికి, పోటీ పెట్టిన మా కులసంఘం ఆఫీసుకి పోతే, అక్కడి జయంతి పేరు చదివి, "లూర్దుమేరియా? ఎవురమ్మా ఇది? మనోళ్ళేనా?" అనింది. అంతే అనింది. వద్దని అనలేదు. నేనే పెన్ను అడిగి తీసుకుని, నీ పేరు కొట్టేసి, మా తోడికోడలు నందిత పేరు రాసేశాను.

వచ్చి నీతో అబద్ధం చెప్తే నువ్వేమన్నావు? "పోనీలేమే ఇంద్రా, నువ్వు గెలిస్తే నేను గెల్చినట్టు గాదా? చీర క్రిస్మస్‌కి కట్టుకుంటాలే." అని, నా కందిపప్పులో రాళ్ళు కూడా నువ్వే ఏరి ఇచ్చావు. ఆ పప్పు డబ్బా మోసుకుని పోటీకి పోయాను నేను.

పాతకాలం వంట ఒకటి గంటన్నరలో చేయాలి. మేము పప్పుండల పులుసు పెట్టుకున్నాం. నేను ఉండలు, నందిత పులుసు. వాసనకే పక్క పొయ్యి వాళ్ళు తిరిగి చూశారు, పొంగిపోయాను. మా ఇద్దరికీ వంట నేర్పింది మా అత్తయ్యే కదా. దేవుడికి పెట్టకముందు నాలుకకి తగలకూడదు, అదే మా ఇంటి మొదటి పాఠం. పోటీ జరిగింది కల్యాణమండపంలో, అక్కడ నైవేద్యం ఎవరికి చెప్పు? అయినా అలవాటుపడిన చెయ్యి, గరిటె దగ్గర్నుంచి నోటిదాకా పోలేదు. పులుసులో ఉప్పు నందిత వేసిందని నేను, నేను వేశానని నందిత.

జడ్జి వాసవాంబగారు, క్యాటరింగ్ టీచరుగా రిటైరైన మనిషి, ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది.

"ఏమ్మా, పులుసులో ఉప్పే లేదే. రుచి చూడలేదా?"

నాకు పౌరుషం వచ్చింది. "మా ఇండ్లలో వండేటప్పుడు రుచి చూడమండీ."

"పొడుల అంగడి పెట్టుకోనుండావంట గదా. మరి ఆడ ఎవురు చూస్తారు?"

వెనక అందరూ నవ్వుతున్నారు. మైకు నా మూతి దగ్గరుంది. నీ పేరు గొంతుదాకా వచ్చింది, అక్కా. వచ్చి, "ఆడనా? ఆడ పనిమనిషి చూస్తాదండీ" అయింది.

పనిమనిషి! మా ఆయన పోయినాక మూసిన షట్టరు పైకి లేపింది నువ్వు. గుంటూరు మిరపకాయ ఎంత, సన్నకాయ ఎంత కలపాలో నేర్పింది నువ్వు. అత్తయ్య చూడనట్టు అటు తిరిగి కూర్చుంటే, నేను చిటికెడు పొడి నీ అరచేతిలో వేయడం, నువ్వు కళ్ళు మూసుకుని "ఇంకొంచెం ఉప్పు" అనడం, ఆ తర్వాతే నేను మడిగా దేవుడి పటం ముందు పెట్టడం. పదకొండేళ్ళుగా నా మడి నీ నాలుక మీదే నిలబడింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నందిత, "లూర్దక్కను పిల్చుకోనొచ్చుంటే ఉప్పన్నా పడిండునక్కా" అని పకపకా నవ్వింది. ఫారం సంగతి దానికి తెలియదు. నేను నవ్వలేకపోయాను.

మొన్న సంఘం గ్రూపులో రాశాను. మా అంగడిలో ఉప్పు చూసేది పనిమనిషి కాదు, లూర్దుమేరి, అంగడి మా ఇద్దరిదీ, ఫారంలో ఆమె పేరు కొట్టేసింది నేనే అని. నలుగురు దండం బొమ్మలు పెట్టారు. వెంటనే ఒకామె పట్టుచీరల ఆఫరు పెట్టింది. అంతే, నా మాట పైకెళ్ళిపోయింది. మండపమంతా వినేట్టు అన్న మాటకి అది సరిపోతుందా? పోదని నాకూ తెలుసు.

అంగడికి రా అని పిలవడానికి నాకు నోరు రావడం లేదు. ఇన్నేళ్ళూ వ్యాసర్పాడి నుంచి బస్సెక్కి నువ్వే వచ్చావు. నేను ఒక్కసారి కూడా మీ ఇంటి గడప తొక్కలేదు. నీ కూతురు జీవిత పెళ్ళికి జ్వరమని చెప్పి చీర పంపాను. జ్వరం లేదు. మీ ఇంట్లో మంచినీళ్ళిస్తే తాగాల్సొస్తుందని రాలేదు. నీకు అది అప్పుడే తెలిసుంటుంది. మర్నాడు వచ్చి, "జ్వరం తగ్గిందామే?" అన్నావు, అంతే.

ఇప్పుడు నేనే వస్తాను, అన్నానికి. చేపలు మాత్రం నా వల్ల కాదు, రసం పెట్టు చాలు. తిట్టాలనుకుంటే తిట్టు, తిన్నాక తిట్టినా సరే, తినకముందు తిట్టినా సరే. ఏ రోజైనా అంగడి మూసేసి బయలుదేరతాను.

ఎప్పుడు రమ్మంటావు, అక్కా?

నీ
ఇంద్రజ