నోరు కనబడే చోటు

సియోల్, సెప్టెంబరు

సముద్రానికే వినబడేలా కేకలేసే మా అమ్మకు,

ఫోనులో నీకు వినబడదు. వీడియోలో ముఖం చూశావంటే అబద్ధం పట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

నీ డెబ్బయ్యో పుట్టినరోజుకు మేం రావడం లేదమ్మా. సెలవు దొరకలేదన్నది ఉత్త మాట. నీ మనవరాలు నారుకు మూడో ఏడు నడుస్తున్నా ఒక్క మాటా రాలేదు. నువ్వు చూపించమన్నప్పుడల్లా పడుకుందని తప్పించుకున్నాను. కరోనా మొదలయ్యాక పుట్టిన పిల్ల. డేకేర్‌లో టీచర్లు పాట పాడినా కథ చెప్పినా మాస్కులోంచే. దానికి కనబడేవి కళ్ళే. అందుకే కళ్ళతో నవ్వుతుంది, కనుబొమలతో అలుగుతుంది. బొమ్మ ఎలుగుబంటికి కూడా మూతికి చేతిరుమాలు కట్టి, ఆ రుమాలు కాస్త ఎత్తి అన్నం పెడుతుంది. మేం ఆఫీసు నుంచి వచ్చేసరికి నిద్రతో జోగుతుంటుంది.

ఆ రోజు పిల్లలందరూ నీకు వంగి మొక్కి, నిండు నూరేళ్ళు ఉండమనాలి కదా. నా పిల్ల ఒక్కటే నోరు విప్పకపోతే పెద్దత్త ఊరుకుంటుందా? "సియోల్ చదువులదాని కూతురికి మాటల కరువా?" అంటుంది. ఇది ఎప్పటికీ మాట్లాడదేమోనని నాకు చాలా భయంగా ఉందమ్మా.

నీ హ్యేరాన్

జెజు దీవి, సెప్టెంబరు చివర

మొండి హ్యేరాన్‌కు,

మీ పెద్దత్త సంగతి నేను చూసుకుంటాను. పిల్లను పంపు.

నీకు చెప్పనిది నా దగ్గరా ఒకటుంది. గవ్వల కోసం ఇన్నేళ్ళు సముద్రంలో మునిగి మునిగి చెవులు పోయాక, మనుషుల పెదాలు చూసే నెట్టుకొస్తున్నాను. మాస్కులొచ్చాక బజారులో ఎవరేమన్నా తలూపడమే. ముల్లంగికని వెళ్ళి మూడు క్యాబేజీలు మోసుకొచ్చాను. నీ కూతురిదీ నాదీ ఒకటే జబ్బు.

మునిగేటప్పుడు నాతో వచ్చే ఆడవాళ్ళ ముఖాన ఉండేది అద్దం ఒక్కటే. అది కళ్ళనూ ముక్కునూ మూస్తుంది గానీ నోటిని కాదు. పైకి తేలామా, అందరం చెవిటివాళ్ళమే కాబట్టి అరుచుకోక తప్పదు.

మీ అమ్మ

జెజు, అక్టోబరు

హ్యేరాన్,

వచ్చిన మొదటి వారమంతా నారు మేం మునిగొచ్చి ఒళ్ళు కాచుకునే మంట దగ్గర కూర్చుని మా నోళ్ళనే సినిమా చూసినట్టు చూసింది. "ఏమే పొట్టిదానా, నా పళ్ళు లెక్కపెడుతున్నావా? ఉన్నవి నాలుగే, చూస్కో!" అని నాతో మునిగే ఓక్సున్ పిన్ని నోరు బార్లా తెరిచింది. మర్నాటి నుంచి ఇదీ తెరవడం మొదలుపెట్టింది, శబ్దం లేకుండా.

మొన్న ఒక పెద్ద గవ్వ కోసం నీళ్ళ కింద కాస్త ఎక్కువసేపు ఉండిపోయాను. పైకి వచ్చేసరికి గట్టు మీద నారు కాళ్ళు బాదుకుంటూ నావైపు నోరు తెరిచి ఉంది. పక్కన పిన్ని చేతులూపుతూ, "అక్కా, నిన్నేనే! అమ్మమ్మా అంటోంది!" అంటోంది. నాకు రెండూ వినబడలేదు. కానీ అంత దూరం నుంచీ నారు పెదాలు స్పష్టంగా చూశాను. సంతోషంలో గాలి పీల్చడం మరిచిపోయి మళ్ళీ మునిగాను. గవ్వ జారిపోయింది, పోతే పోనీ.

అప్పటి నుంచి నోరు మూస్తే ఒట్టు. మాట్లాడటమంటే అరవడమే అనుకుంటోంది, మీ కింది ఇంటివాళ్ళకు ముందే చెప్పి ఉంచు. పుట్టినరోజుకు నాలుగు రోజులు ముందే రా. వచ్చాక గట్టు మీద నిలబడి, మాస్కు తీసి, "అమ్మా" అని పిలువు. నీ నోరు చూసి కూడా చాలా కాలమైంది.

మీ అమ్మ