తాలు కలిసిన తూటాలు

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. ఈరోజు పోలీసు అమరుల సభకని ఒంగోలు పరేడ్ గ్రౌండుకి రమ్మంటే వెళ్లాను. పెద్దసారు నా భుజాన శాలువా కప్పి, నువ్వు నక్సలైట్లతో చివరి తూటా దాకా పోరాడావని మైకులో చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది. చివరిదాకా ఎక్కడ కాల్చావు నువ్వు? పాత తూటా ఒకటి ఇరుక్కుని నీ తుపాకీ ఆగిపోయిందని, మిగిలినవన్నీ మ్యాగజైన్‌లోనే ఉండిపోయాయని నీ పక్కనున్న కానిస్టేబులే మనింటికొచ్చి ఏడ్చాడు.

సెలవుకొచ్చినప్పుడల్లా నువ్వే అనేవాడివి: "పాతవీ కొత్తవీ ఒకే మ్యాగజైన్‌లో కలపొద్దని ట్రైనింగులో చెప్తారే. స్టేషన్లో మాత్రం పాతవి అవగొట్టాలని కలిపేసి ఇస్తారు." మరి నోరు మూసుకుని ఎందుకు తీసుకున్నావు? మిరపకాయల బస్తాలో, అదే మన టిక్కీలో, నాలుగు తెల్లబడ్డ తాలు కాయలు కనబడితే, మిర్చి యార్డులో టిక్కీ మొత్తం పక్కకు నెట్టేస్తారు. మిర్చి పండించే ఇంట్లో పుట్టినవాడివి, నీకు తెలియదా?

"ఏమ్మా, ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అన్నాడు పెద్దసారు, మైకు వదిలి నా కుర్చీ దగ్గరికొచ్చి.

"మా అన్న తుపాకీలో తాలు కలిపిందెవరు సార్?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "పాత తూటాలు సార్" అన్నాను గట్టిగా.

"ఈరోజు అవన్నీ ఎందుకమ్మా" అంటూ పక్క కుర్చీ దగ్గరికి వెళ్లిపోయాడు.

తర్వాత పోలీసులు వరుసగా నిలబడి నీ గౌరవార్థం గాల్లోకి కాల్చారు. ఆ తుపాకుల్లో మాత్రం అన్నీ ఒకే రకం తూటాలు, కొత్తవి, ఏరి మరీ పెట్టినట్టున్నారు. ఒక్కటంటే ఒక్కటి కూడా మొరాయించలేదు అన్నయ్యా.